కళాశాలల ఫుట్‌బాలు: స్థానములును శిక్షకులును

పరుగుపందెములో ముందుగ త్రాడు తాకినవాడే మొదటివాడు. చదరంగములో రాజును కట్టినవాడే గెలుపరి. అచ్చట గెలిచినదెవరో చెప్పుటకు ఒకరి యభిప్రాయముతో పనిలేదు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో విశ్వవిద్యాలయము లాడు ఫుట్‌బాలు సంగతి వేఱు. ఒక్కొక్క యాటలో గెలుపెవరిదో మైదానమే చెప్పును గాని, సంవత్సరమున కెల్ల నుత్తమమైన జట్టేదో బహుకాలము వఱకు కాగితముమీది యోట్లే చెప్పినవి. ఇప్పటికిని ఆ యోట్ల నీడ పూర్తిగ తొలగలేదు. అది శిక్షకుల యుద్యోగములమీదను, ఆడు విద్యార్థుల శ్రమమీదను పడుచునే యున్నది. స్థానముల జాబితా ఆటకు సేవకుడుగ నుండవలెను గాని యజమానుడు కారాదని మా యభిప్రాయము. అందులకు గల కారణముల నిచ్చట విన్నవించుచున్నాము.

ఈ దూరదేశపు ఆట మనకేల యని కొంద రడుగవచ్చును. మన తెలుగు జిల్లాలనుండి పైచదువులకై వెడలిన యువతీయువకులు ఆ విశ్వవిద్యాలయములలో వేలకొలదిగ నున్నారు. శరదృతువు వచ్చినంతనే శనివారములందు ఆ యూళ్లన్నియు మైదానములకు కదలుట వారు కన్నులార చూచుచున్నారు. మేమును ఆ యాట నభిమానించువారమే. మా యభిమానము నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు జట్టునందు. ఈ సంగతి మొదటనే చెప్పివేయుట న్యాయము. చదువరులు మా తీర్పులను ఆ మేరకు తగ్గించి చదువుకొందురు గాక.

మన పాఠశాలలలో గుండ్రని బంతిని కాలితో తన్ను ఆట వేఱు, ఇది వేఱు. ఇందలి బంతి కోలగా నుండును. పక్షమునకు పదునొకండుగు రాడుదురు. బంతి కలిగిన పక్షమునకు నాలుగు యత్నములు లభించును. ఆ నాలుగింటిలో పది గజములు ముందునకు సాగినచో మఱల నాలుగు యత్నములు. సాగలేనిచో బంతి యెదిరివారిది. బంతితో నెదిరివారి కొసగీతను దాటినచో ఆఱు పాయింట్లు. అటుపిమ్మట బంతిని స్తంభముల నడుమనుండి తన్నినచో నొక పాయింటు, తన్నుటకు మాఱుగ మరియొకమాఱు గీతను దాటించినచో రెండు పాయింట్లు అదనముగ వచ్చును. ఈ మాత్రము తెలిసినచో ఈ వ్యాసములోని వివాదములన్నియు బోధపడును.

ఈ యాటలో మొదటి కళాశాలల పోటి 1869వ సంవత్సరము నవంబరు 6వ తేదీని న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగెను. రట్గర్స్ 6–4తో గెలిచెను. కాలక్రమమున ఆటలో మోటుతనము హెచ్చెను. 1905లో ఆటగాండ్రు పలువురు మరణింపగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను పిలిపించి యాటను సంస్కరింపుడని హెచ్చరించెను. ఆ యలజడి ఫలితముగ 1906లో పుట్టిన సంఘమే నేడు ఎన్.సి.ఏ.ఏ. అను పేర కళాశాలల క్రీడలకు పెద్దయై యున్నది. వింత యేమనగా, ఎన్నో క్రీడలకు విజేతలను నిర్ణయించు నా సంఘము అగ్రశ్రేణి ఫుట్‌బాలునకు మాత్రము నేటికిని తన విజేతను నిర్ణయింపదు.

కారణము దాచదగినది కాదు. అగ్రశ్రేణిలో నూటముప్పదికి పైగా జట్లున్నవి. దేహమును నలుగగొట్టు ఆట యగుటచే జట్లు సాధారణముగ వారమున కొక్కసారియే యాడును. పర్వకాలమంతయు కలిపి యొక్కొక్క జట్టునకు పండ్రెండు ఆటలు. తక్కిన నూటికిపైగా జట్ల ముఖమైనను అది చూడదు. కావున ఎవ రెవరికంటె మేలో ఊహింపక తప్పదు. ఆ యూహయే యోటైనది.

1936లో అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ పత్రికా విలేఖరుల యోట్లను వారము వారము కూర్చి జాబితాను ప్రకటింప నారంభించెను. ఆ యేటి తుదిజాబితాలో ప్రథమస్థానము మిన్నెసోటాకు దక్కెను; ఆ మిన్నెసోటాయే ఆ యేడు నార్త్‌వెస్టర్న్ చేతిలో 6–0తో నోడియుండెను. 1950లో యునైటెడ్ ప్రెస్ అను మఱియొక సంస్థ శిక్షకుల యోట్లతో వేఱొక జాబితాను తెచ్చెను. ఇట్లు ఒక పెండ్లికి ఇద్దఱు పురోహితు లైరి. ఇద్దఱును ఒకే ముహూర్తము చెప్పినప్పుడు చిక్కులేదు. చెప్పనప్పుడు ఒక యేటికి ఇద్దఱు విజేతలు.

1990లో విలేఖరులు కొలరాడోను, శిక్షకులు జార్జియా టెక్కును మొదట నిలిపిరి. శిక్షకుల జాబితాలో తేడా ఒక్క పాయింటే. ఆ యేడు అక్టోబరులో కొలరాడో మిస్సూరీపై 33–31తో గెలిచిన యాట యొకటి కలదు. ఆ యాట చివర అధికారులు లెక్క తప్పి, నాలుగింటికి బదులు ఐదు యత్నము లిచ్చిరి. ఆ యైదవ యత్నముననే గెలుపు వచ్చెను. పొరపాటు వెల్లడియైనను ఫలితము మాఱలేదు. ఆ గెలుపు నెంతవఱకు గెలుపుగ నెంచవలెనో ఒక్కొక్క యోటరు తన మనస్సులోని త్రాసుతో తూచుకొనవలసి వచ్చెను. నూఱు త్రాసు లున్న యంగడిలో సరియైన తూకము దొరకునా?

ఇక మా నెబ్రాస్కా కథ. టామ్ ఆస్‌బర్న్ గారు 1973 మొదలు 1997 వఱకు ఇరువదియైదేండ్లు ఆ జట్టునకు ప్రధాన శిక్షకులుగ నుండిరి. మొదటి యైదేండ్లు వరుసగ ఓక్లహోమా చేతిలో నోడిరి. అయినను విశ్వవిద్యాలయము వారిని తొలగింపలేదు. 1983 ఆటలకాలములో వారి జట్టు ఒక్క యోటమియు లేక ప్రథమస్థానమున నిలిచి, 1984 జనవరి 2వ తేదీని ఆరెంజ్ బౌల్ అను పోటిలో మయామీతో తలపడెను. ఆట ముగియుటకు నలుబదియెనిమిది సెకండ్లున్నప్పుడు నెబ్రాస్కా గీతను దాటెను. పాయింట్లు 31–30, మయామీది పైచేయి. బంతిని తన్ని యొక పాయింటు తెచ్చుకొన్నచో ఆట సమానమగును. ఆ దినములలో సమానమైన యాటను పొడిగించు నియమము లేదు. సమానమైనను ఓటర్లు నెబ్రాస్కానే విజేతగ నుంచియుందురని నాటివారి యభిప్రాయము. కాని ఆస్‌బర్న్ గారు సమానమును కోరలేదు. రెండు పాయింట్లకు పూనుకొనిరి. విసరిన బంతి యెదిరివాని చేయి తగిలి నేలబడెను. ఆటయు పోయెను, ప్రథమస్థానమును పోయెను.

జాబితాను చూచి ఆడినవాడు తన్నియుండును. ఆటను చూచి ఆడినవాడు గెలువ జూచెను. ఓడినను ఆ నిర్ణయమునకు నేటికిని గౌరవము కలదు. అట్టి శిక్షకునికి 1994లో, తన యిరువదిరెండవ యేట, మొదటి జాతీయవిజయము లభించెను. 1995లో రెండవది. 1997లో మూడవది, కాని దానిలో సగమే. ఆ యేడు నెబ్రాస్కాయు మిచిగనును రెండును ఓటమి నెఱుగవు. విలేఖరులు మిచిగనును, శిక్షకులు నెబ్రాస్కాను ఎన్నుకొనిరి. రెండు జట్లును ఒకదానితో నొకటి యాడనేలేదు. మేము నెబ్రాస్కా పక్షమువారమైనను, ఒక్క సాయంకాలము మైదానమున తీఱవలసిన తగవు తీఱకపోయెనని నేటికిని చింతించుచున్నాము.

ఈ చిక్కును విప్పుటకు 1998లో బి.సి.ఎస్. అను పద్ధతి వచ్చెను. ఓట్లను, కంప్యూటర్ల లెక్కలను కలిపి మొదటి రెండు జట్లను తేల్చి, వానిచే తుదిపోటి నాడించుట దాని సారము. యంత్రమునకు పక్షపాతము లేదు. కాని దానికి చెప్పిపెట్టిన లెక్క యెట్టిదో ఫలితమును అట్టిదే. 2001లో నెబ్రాస్కా కొలరాడో చేతిలో 62–36తో చిత్తుగ నోడియు, లెక్కల పుణ్యమున తుదిపోటి కెక్కి, మయామీ చేతిలో 37–14తో మరల నోడెను. మా జట్టే యైనను న్యాయము చెప్పవలెను: ఆ పీటమీద కూర్చుండుటకు మాకు హక్కు లేదు. 2003లో రెండు ఓట్ల జాబితాలలోను మొదటనున్న సదరన్ కాలిఫోర్నియాను లెక్కలు మూడవస్థానమునకు త్రోసినవి, తుదిపోటి ఎల్.ఎస్.యు. గెలిచినను విలేఖరులు సదరన్ కాలిఫోర్నియానే విజేత యనిరి. 2004లో ఆబర్న్ పదుమూడాటలు గెలిచి యొక్కటియు నోడక, తుదిపోటిలో చోటు దక్కక యింటికి పోయెను.

2014 ఆటలకాలమునుండి నాలుగు జట్ల పోటి యేర్పడెను. నలువురను ఎన్నుకొనుటకు పదుమువ్వురు సభ్యుల సంఘ మేర్పాటైనది. ఆ మొదటి యేడే టి.సి.యు. అను జట్టు మూడవస్థానమున నుండి, చివరి యాటను 55–3తో గెలిచి, మఱునాటికి ఆఱవస్థానమునకు దిగెను. నాలుగవదిగ చేరిన ఓహయో స్టేటు తుదకు విజేతయయ్యెను గాన ఎన్నిక తప్పని చెప్పలేము; కాని గెలిచి క్రిందికి దిగిన జట్టునకు చెప్పదగిన సమాధాన మేమి?

2017లో సెంట్రల్ ఫ్లారిడా ఓటమి లేకయే ముగించెను. సంఘము దానికి పండ్రెండవ స్థాన మిచ్చెను. అటుపిమ్మట ఆ జట్టు పీచ్ బౌల్ పోటిలో ఆబర్నును 34–27తో గెలిచెను. తుదిపోటికి చేరిన అలబామా, జార్జియా రెండింటిని ఆ యేడు నవంబరులో ఓడించినది ఆ ఆబర్నే. 2023లో ఇంతకంటె కఠినమైన సంగతి జరిగెను. ఫ్లారిడా స్టేటు పదుమూడాటలు గెలిచి, తన మండలపు విజేతయై, ఒక్క యోటమియు లేకయుండగా, ఒకసారి యోడిన టెక్సాసు, అలబామా జట్లను దానికి మీద నిలిపి, దానిని ఐదవస్థానమున ఆపివేసిరి. దాని ప్రధాన క్వార్టర్‌బ్యాకు, అనగా బంతిని నడుపు ఆటగాడు, నవంబరులో గాయపడియుండెను. కావున మునుపటి బలము లేదని సంఘము వాదము. ఆ పిమ్మట ఆటగాండ్రు పలువురు తప్పుకొనగా మిగిలినవారితో ఆ జట్టు జార్జియా చేతిలో 63–3తో నోడెను. చూచితిరా మేము చెప్పినదే యయ్యెనని కొంద రనిరి. ఇది న్యాయము కాదు. వాకిలి మూసిన పిమ్మట ఇంటివారు చెదరిపోయినచో, అది వాకిలి మూయుటకు కారణ మెట్లగును?

సంఘము పక్షమున చెప్పదగిన మాటయు కలదు. బలహీనులపై పదుమూడు గెలుపులు, బలవంతులపై పదుమూడు గెలుపులు సమానములు కావు. ఎవరితో నాడితివని అడుగవలసినదే. ఇది మే మంగీకరింతుము. కాని యాడిన యాటలను తూచుట వేఱు, ఆడబోవు ఆట ఫలితమును ముందే యూహించుట వేఱు. మొదటిది న్యాయాధిపతి పని. రెండవది జ్యోతిష్కుని పని. ఒకే సంఘము రెండు పనులును చేయరాదు.

2024నుండి పోటికి పండ్రెండు జట్లను పిలుచుచున్నారు. మా యభిప్రాయమున ఇది మంచి మార్పు. తప్పు జరిగినను అది పండ్రెండవవానికిని పదుమూడవవానికిని నడుమ జరుగును గాని, మొదటివానికిని రెండవవానికిని నడుమ జరుగదు. అయినను జాబితా చాపల్యము పోలేదు. 2025లో ఒక్క యాటయైన జరుగకమునుపే ఆగస్టున విలేఖరులు వేసిన జాబితాలో టెక్సాసు మొదటిది, పెన్ స్టేటు రెండవది. ఆ రెండింటిలో నొక్కటియు పండ్రెండింటిలో చేరలేదు. ఆ జాబితాలో మొదటి పదింటిలోనైన లేని ఇండియానా పదునాఱు ఆటలును గెలిచి 2026 జనవరి 19వ తేదీని మయామీపై 27–21తో విజేతయయ్యెను. ఆ మయామీ కథయు చెప్పుకొనదగినది. ఆటలకాలపు ఆరంభముననే అది నోటర్ డేమును 27–24తో ఓడించెను. ఇరువురికిని రెండేసి యోటములున్నను, వారములకొలది సంఘము నోటర్ డేమునే పైన నుంచి, కట్టకడపటి దినమున, ఇరువురిలో నెవరును ఆడకుండగనే వరుసను మార్చెను. తుదకు చేసినది న్యాయమే. ఆ న్యాయమును మొదటి జాబితాలోనే చేసియున్నచో నోటర్ డేము విద్యార్థులకు ఆశపెట్టి తీసివేసినట్లు కాకపోవును.

ఇక శిక్షకుల సంగతి. పూర్వము స్థానము తగ్గినచో అభిమానులు గొణిగెడివారు. ఇప్పుడు శిక్షకుని పంపివేయుచున్నారు. మా నెబ్రాస్కాయే దీనికి పెద్ద గుణపాఠము. ఆస్‌బర్న్ గారి తరువాత వచ్చిన ఫ్రాంక్ సోలిచ్ గారు ఆఱేండ్లలో 58 ఆటలు గెలిచి 19 ఓడిరి. 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడినందులకు వారిని తొలగించిరి. మఱుసటి యేడు గెలుపు లైదు, ఓటము లాఱు. 1961 తరువాత ఆ జట్టునకు గెలుపులకంటె ఓటములు హెచ్చినది అదియే మొదటిసారి. 2008లో వచ్చిన బో పెలీనీ గారు ఏడేండ్లలో ఏ యేడును తొమ్మిదికి తక్కువ గెలువలేదు. వారిని 2014లో తొలగించిరి. 2017లో సెంట్రల్ ఫ్లారిడాను ఓటమి లేకుండ నడిపిన స్కాట్ ఫ్రాస్ట్ గారిని ఆ పిమ్మట పిలుచుకొని వచ్చిరి. వారు 1997 నాటి మా జట్టులో క్వార్టర్‌బ్యాకు; ఊరి బిడ్డ తిరిగివచ్చెనని మేమందఱము పొంగితిమి. వారు 16 గెలిచి 31 ఓడిరి. 2022 సెప్టెంబరున వారిని తొలగించుటకు విశ్వవిద్యాలయము కోటి యేబదిలక్షల డాలర్లు చెల్లింపవలసి వచ్చెను. అక్టోబరు 1వ తేదీవఱకు ఆగియున్నచో దానిలో సగమే. మూడు వారముల యోపికకు డెబ్బదియైదు లక్షల డాలర్ల వెల! 1999 తరువాత నెబ్రాస్కా తన మండలపు విజేత కాలేదు. మంచిని కాదని మిక్కిలి మంచిని వెదకబోయి రెంటికిని చెడితిమి.

ఇతరుల సంగతియు మేలు కాదు. 2023 నవంబరున టెక్సాస్ ఏ. అండ్ ఎం. విశ్వవిద్యాలయము జింబో ఫిషర్ గారిని తొలగించినప్పుడు ఒప్పందము ప్రకారము వారికి రావలసినది ఏడుకోట్ల యేబదిలక్షల డాలర్లకు పైగా నుండెను. పని మానుటకే ఇంత సొమ్ము! ఇందులకు భిన్నముగ ఓహయో స్టేటు ఉదాహరణము చూడుడు. 2024 నవంబరు 30వ తేదీని ఆ జట్టు మిచిగను చేతిలో వరుసగ నాలుగవ యేడు ఓడగా, ర్యాన్ డే గారిని పంపివేయుడని అభిమానులు పలువురు కేకలు వేసిరి. విశ్వవిద్యాలయము ఆ కేకలను వినలేదు. ఏబది దినములైన తరువాత, 2025 జనవరి 20వ తేదీని, ఆ శిక్షకుడే ఆ జట్టును జాతీయవిజేతగ నిలిపెను. కేకలు వేసినవారే ఊరేగింపులో ముందు నడచియుందురు. అభిమానుల స్వభావ మట్టిది, మమ్ము కలుపుకొనియే చెప్పుచున్నాము.

శిక్షకులును నిర్దోషులు కారు. 2025లో ఎల్.ఎస్.యు. తన శిక్షకుని అక్టోబరుననే తొలగించి, మిస్సిసిపీ విశ్వవిద్యాలయపు జట్టును పదునొకండు గెలుపులతో నడపిన లేన్ కిఫిన్ గారిని పిలిచెను. పండ్రెండు జట్ల పోటి ముందుండగనే, నవంబరు 30వ తేదీని, వారు వెడలిపోవుటకు నిశ్చయించుకొనిరి. పోటి ముగియువఱకు ఉండి నడపుదునని వారు కోరినను విశ్వవిద్యాలయ మొప్పుకొనలేదు, ఒప్పుకొనకుండుటయే సరి. సహాయకుడుగ నున్న పీట్ గోల్డింగ్ గారికి పగ్గము లప్పగించిరి. నాయకుడు విడిచిపోయిన ఆ విద్యార్థులు టులేనును, పిమ్మట జార్జియాను గెలిచి, మయామీ చేతిలో 31–27తో మాత్రమే ఓడిరి. ఆ పర్వమంతటిలో మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది విజేతయైన ఇండియానా తరువాత ఈ జట్టే.

ఇట్టి తొందరకు మూలము పంచాంగమున నున్నది. ఉన్నతపాఠశాలలు ముగించు ఆటగాండ్రు తాము చేరబోవు విశ్వవిద్యాలయమునకు సంతకము చేయుకాలము డిసెంబరు మొదటి వారమున వచ్చుచున్నది. శిక్షకుడు లేని జట్టులో చేరువా డెవడు? కావున తుదిపోటులు డిసెంబరు నడుమనుండి జనవరివఱకు జరుగుచున్నను, శిక్షకుల బేరములు నవంబరుననే ముగియవలెను. పైరు కోతకు రాకమునుపే పాలికాపును మార్చుట యిది.

శిక్షకుల మార్పు ఎన్నడును కూడదని మా వాదము కాదు. ఇండియానా 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడెను. ఆటలకాలము ముగిసిన తరువాత పాతవారిని పంపి కర్ట్ సిగ్నెట్టీ గారిని తెచ్చుకొనెను; రెండేండ్లకు జాతీయవిజయము నందెను. ఇచ్చట జట్టు బలహీనత కండ్లకు కట్టియుండెను, మార్పు తగిన సమయమున జరిగెను. తొమ్మిది గెలిచిన గురువును, జాబితాలో తొమ్మిదవ స్థానమైన లేదని పంపుట వేఱు.

కావున ఆ దేశపు పెద్దలు నాలుగు పనులు చేయదగునని మాకు తోచుచున్నది. ఆటలకాలము సగమైన గడువక స్థానముల జాబితాను ప్రకటింపరాదు. ఓటములు సమానముగ నున్న యిరువురిలో ఒకరి నొకరు ఓడించియున్నచో ఆ ఫలితమే మొదటి ప్రమాణము కావలెను. పెద్దమండలమున విజేతయై యొక్క యోటమియు లేని జట్టును ఏ సంఘమును ఏ యూహతోను త్రోసిపుచ్చరాదు. సంతకముల కాలమును తుదిపోటి తరువాతకు జరిపి, అంతవఱకు శిక్షకుడు జట్టును విడువకుండ కట్టడి చేయవలెను. వీనిలో ఏదియు ధనముతో పనిగలది కాదు, ఓర్పుతో పనిగలది.

ఈ పత్రికను చదువు విద్యార్థులు ఏదో యొక జట్టులో నాడుచుందురు, లేదా దాని కొఱకు చేతులు తట్టుచుందురు. నలుబదియెనిమిది సెకండ్లు మిగిలియుండగా సమానమా, గెలుపా యని నిలిచిన ఆ నెబ్రాస్కా జట్టును వారు తలంపునకు తెచ్చుకొనగోరుదుము. ఆ యేటి జాబితా మయామీ పేరును మొదట వ్రాసెను. అది న్యాయమే, గెలిచినవారిదే గెలుపు. కాని రెండు పాయింట్లకు పూనుకొనినవారి పేరు జాబితాతో పనిలేకయే నేటివఱకు నిలిచియున్నది.